ఫిఫ్త్ వీల్ ఎంపిక ఉపసంఘం

రెండింటిని కలిపి ఉంచడం కంటే కష్టమైన పని ఈ లోకంలో లేదు. మొగుడూ పెళ్ళాలను కలిపి ఉంచడానికి ఇరువైపుల పెద్దలున్నారు. రాష్ట్రాలను కలిపి ఉంచడానికి కేంద్ర ప్రభుత్వం ఉంది. లారీనీ, దాని వెనకాల ట్రాలానీ కలిపి ఉంచడానికి మాత్రం మేమే ఉన్నాం. మేమంటే ఫిఫ్త్ వీల్ ఎంపిక ఉపసంఘం. దానికి నేను సభ్య కార్యదర్శిని. (జీతం పాతదే. సమోసాలు అదనం.)

భిలాయిలో పెద్ద ఉక్కు ప్లాంటును నమ్ముకుని బతికే చిన్న కార్ఖానాల్లో మాదీ ఒకటి. పేరు చెప్పను. చెప్తే మాకు నాణ్యతా సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారు. దేశం తలుపులు బార్లా తీసిందనీ, సర్టిఫికెట్ లేనివాడికి ఇక పుట్టగతులుండవనీ అందరూ హడలిపోతున్న రోజులవి. మేం చేసే భారీ ఇనుప సామాన్లను చరోదా పక్కన రైల్వే సైడింగుకి చేర్చడానికి మాకు ఒకే ఒక పెద్ద ట్రాలా ఉండేది. దాన్ని లాగే లారీ ముందుభాగాన్ని ఇక్కడి డ్రైవర్లు ఘోడా అంటారు. ఘోడా వీపు మీద గ్రీజు పూసిన గుండ్రటి ఇనుప పళ్ళెం ఒకటి ఉంటుంది. ట్రాలా అడుగున ఉన్న లావుపాటి పిన్ను ఆ పళ్ళెం మధ్యలోకి చొరబడగానే ఉక్కు దవడలు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టు పేరే ఫిఫ్త్ వీల్. పేరుకు చక్రమే గాని అది రోడ్డు మీద నడిచేది కాదు. దాని మీద నడిచేది గురునాథరావు బతుకు.

గురునాథరావు ఆ ఘోడాకి డ్రైవరు. సోంపేట వైపు మనిషి, భిలాయిలోనే జుట్టు నెరిసింది. మంచివాడే గాని నోరు ఊరుకోదు. ఒకరోజు నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, దవడలు అరిగిపోనాయి. బ్రేకు కొడితే సాలు, ట్రాలా ఎనకనుంచి గుద్దతంది. ఎప్పుడో పిన్ను జారిపోద్ది. లోడుతోటి వొచ్చి నా నెత్తిమీద కూకుంటాది. కొత్తది ఏయించండి."

"ఎలాంటిది కావాలి?" అన్నాను.

"ఎర్రదండి."

"ఎర్రదేమిటయ్యా?"

"మొన్న ఢాబా కాడ ఓ సర్దార్జీ బండికి సూసేను. పెళ్ళికూతురునాగ ఉన్నాది. అదే ఏయించండి, భలే ఉంటాది."

రంగు నా పరిధిలోని అంశం కాదు. కాబట్టి నియమావళి తీశాను. విఫలమైన భాగాన్ని మాత్రమే మార్చవలెనని అందులో స్పష్టంగా ఉంది. ఫిఫ్త్ వీల్ విఫలం కావడమంటే ట్రాలా ఊడిపోవడం. ట్రాలా ఊడితే అది ప్రమాదం. ప్రమాదం జరిగితే ఆ భాగం సాక్ష్యమవుతుంది. విచారణ పూర్తయ్యేదాకా సాక్ష్యాన్ని దాని స్థానం నుంచి కదపరాదు. అంటే ఊడకముందు మార్చకూడదు, ఊడాక మార్చలేం. ఇంత పకడ్బందీ నియమం రాసిన మహానుభావుడెవరోగాని, ప్రమోషన్ మీద వెళ్ళిపోయాడట.

"మరి నా సంగతేటండి?" అన్నాడు గురునాథరావు.

వెతికాను. అతని గురించి నియమావళిలో ప్రస్తావన లేదు.

ఈ చిక్కుముడిని విప్పినవారు మా చీఫ్ ఇంజనీరు దక్షిణామూర్తిగారు. ఆయనది వెన్నలాంటి మనసు. జీవితంలో ఎవరికీ కాదని చెప్పలేదు. (అవునని సంతకం పెట్టినట్టూ దాఖలా లేదు.) "మార్చడానికి వీల్లేదు, ఠీక్ హై. ఎంచుకోవడానికి వీల్లేదని ఎక్కడుంది?" అన్నారు. ఎక్కడా లేదు. అలా ఉపసంఘం పుట్టింది. అధ్యక్షులు ఆయనే. లెక్కల విభాగం నుంచి గణపతిరావు, భద్రతా విభాగం నుంచి రమాకాంత్, ఇక నేను. టైర్ల విభాగం పెద్దను కూడా పిలిచాం. గాలి పట్టని చక్రం తన బాధ్యత కాదని ప్రకటించి, సమోసా తిని, వెళ్ళిపోయాడు.

ఎంపిక అంత తేలికేమీ కాదు. ఫిఫ్త్ వీల్స్ రెండు రకాలట. రెండంగుళాల పిన్నును పట్టేది ఒకటి, మూడున్నర అంగుళాల పిన్నును పట్టేది ఇంకొకటి. మా ట్రాలా పిన్ను ఎంత లావుందో చూస్తే సరిపోతుంది కదా అని తొందరపాటు మనుషులు అడగవచ్చు. పిన్ను దవడల్లో ఉంది. అది కనబడాలంటే ట్రాలాని విప్పాలి. విప్పాలంటే ఉత్పత్తి విభాగం ఒక పూట బండిని వదలాలి. వాళ్ళు వదలరు. కాబట్టి చూడడం మానేసి చర్చించాం.

దక్షిణామూర్తిగారు దూరదృష్టి గలవారు. "రేపు ఇంతకు పది రెట్లు ఎదుగుతాం. పెద్దదే తీసుకోవాలి" అన్నారు. గణపతిరావు ఖర్చు దగ్గర చేయి బిగించే మనిషి. "ఎదిగాక చూద్దాం సార్, అభీ కే లియే చిన్నది చాలు" అన్నాడు. చలికాలం వెళ్ళింది, ఎండలు వచ్చాయి, కూలర్లకు రెండుసార్లు గడ్డి మార్చారు, ఇద్దరూ ఒక్క మెట్టు దిగలేదు. చివరికి నేనే మధ్యేమార్గం సూచించాను. రెండుకీ మూడున్నరకీ సరిగ్గా నడుమ, పావుతక్కువ మూడు అంగుళాలు. ఇద్దరూ లేచి నా చేయి ఊపారు. ఉపసంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.

ప్రపంచంలో ఎవరూ అలాంటి పిన్నూ చేయరు, దాన్ని పట్టే ఫిఫ్త్ వీలూ చేయరు. ఆ సంగతి కొటేషన్లు పిలిచాక తెలిసింది. వచ్చిన కంపెనీ ప్రతినిధుల్లో ఒకడు నవ్వాడు. క్రమశిక్షణ లేదని తిరస్కరించాం. రెండోవాడు మా ట్రాలా పిన్ను ఎంత అని అడిగాడు. టెండరు దశలో అది రహస్యం. (మాక్కూడా.) మూడోవాడు ఏమీ అడగకుండా ఎంతైనా చేసి ఇస్తామన్నాడు, మళ్ళీ కనబడలేదు. అతని మీదే ఆశ పెట్టుకున్నాం.

ఈ మధ్యలో అధ్యయన యాత్ర కూడా చేశాం. విశాఖపట్నం రేవులో పెద్ద ట్రాలాలు తిరుగుతాయి కనక అక్కడికే వెళ్ళాం. అదే వారంలో దక్షిణామూర్తిగారి వియ్యంకుడి గృహప్రవేశం పడడం దైవికం. రేవు గేటు దగ్గర మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. రోడ్డు మీద నిలబడి చూస్తే అన్ని ట్రాలాలూ తమ తమ ఘోడాలకు తగులుకునే ఉన్నాయి. కలిసి ఉండడం సాధ్యమేనని నిర్ధారించుకుని, మామిడి తాండ్ర కొనుక్కుని, తిరిగి వచ్చాం.

వచ్చేసరికి గురునాథరావు ఒక దుందుడుకు పని చేశాడు. ఎక్కడో లావుపాటి ఇనప గొలుసు సంపాదించి ట్రాలాని ఘోడాకి కట్టుకున్నాడు. రమాకాంత్ మండిపడ్డాడు.

"అరే భయ్యా, ఇది అనధికారం! గొలుసు కట్టావంటే ఫిఫ్త్ వీల్ బాగాలేదని ఒప్పుకున్నట్టు కాదా?"

"బాగానేదనే కదండీ కట్టేను!"

రమాకాంత్ దయగలవాడు కాబట్టి రాజీకి వచ్చాడు. మామూలు రోజుల్లో గొలుసు ఉండవచ్చు. తనిఖీకి ఎవరైనా వస్తే మాత్రం తీసేయాలి. తనిఖీ ఉద్దేశమే లోపాలు లేకుండా చూడడం కదా.

అంతా సవ్యంగా సాగుతుండగా మా సమావేశంలోకి గున్నమ్మ వచ్చింది. గురునాథరావు భార్య. వాచ్‌మన్ ఆపబోతే క్యారేజీతో పక్కకు నెట్టి మరీ వచ్చింది.

"నమస్కారమండి. మీరంతా పెద్దోరు, సదువుకున్నోరు. నాకొకటి సెప్పండి. మా ఆయన సాయంత్రం ఇంటికి ఒస్తాడా, రాడా?"

"అమ్మా, విషయం పరిశీలనలో ఉంది" అన్నారు దక్షిణామూర్తిగారు, ఎంతో ఆప్యాయంగా.

"రెండేళ్ళనుంచీ పరిసీలనేనా బాబూ? నాను బయ్యంతో సచ్చిపోతన్నాను. బండి హారను ఇనబడేదాకా అన్నం దిగదు నాకు. ఆయన తాగొచ్చినా తిట్టను, తిరిగొచ్చేడు సాలనుకుంటన్నాను. ఏటి బతుకిది?"

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి చేతిలో సమోసా పక్కన పెట్టేశాను. అది చల్లారినందువల్ల కూడా కావచ్చు. గున్నమ్మే మళ్ళీ అంది.

"అంత బాగున్నాదంటే, మీరంతా ఆ ట్రాలా ఎక్కి సైడింగు దాకా ఒక్కపాలి ఎల్లి రండి. మీకేటీ అవ్వకపోతే నాను మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

మేమంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. దక్షిణామూర్తిగారి ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఫీల్డ్ ట్రయల్! ఇన్నాళ్ళూ మనకెందుకు తట్టలేదు? బహుత్ అచ్ఛా!" అన్నారు. కాదనడం ఆయన స్వభావంలో లేదని ముందే చెప్పాను.

ఉపసంఘం తదుపరి సమావేశం నడుస్తున్న ట్రాలా మీద ఏర్పాటైంది. ట్రాలాకి వెండి రంగు వేశారు. కేను కుర్చీలు వేసి, టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి, గులాబీల కూజా పెట్టారు. బయల్దేరేముందు రమాకాంత్ గొలుసు తీయమన్నాడు.

"ఈ ఒక్కరోజూ ఉంచనీయండి బాబూ! మీరెక్కుతన్నారు కదా!" అని గురునాథరావు రెండు చేతులూ జోడించాడు.

"మేం ఎక్కుతున్నాం కాబట్టే ఇది తనిఖీ. గొలుసు ఉంటే ట్రయల్‌లో ఏం తేలుతుంది?"

తర్కానికి తిరుగులేదు. గురునాథరావు గొలుసు విప్పాడు. గేటు దగ్గర గున్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తన సవాలును తానే వెనక్కి తీసుకుందామా అన్నట్టు ఒకటి రెండుసార్లు ముందుకొచ్చి ఆగిపోయింది.

గురునాథరావు ఊరేగింపుకి తోలినట్టు తోలాడు. గాలి హాయిగా ఉంది. దారి పొడుగునా జనం మాకు చేతులూపారు, ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళమనుకున్నారు. "చూశారా, చుక్క నీళ్ళు తొణకలేదు" అన్నారు దక్షిణామూర్తిగారు గ్లాసు చూపిస్తూ. ప్రస్తుతం ఉన్న ఫిఫ్త్ వీల్ సంతృప్తికరంగా ఉందని తీర్మానం ప్రతిపాదించారు. గణపతిరావు బలపరిచాడు. నేను రాసుకుంటున్నాను. అప్పుడు చరోదా యార్డు పక్క లెవెల్ క్రాసింగ్ వచ్చింది.

పట్టాల మీద చిన్న కుదుపు. కింద ఠక్కుమని ఒక చప్పుడు. ఘోడా హుషారుగా ముందుకు వెళ్ళిపోయింది. ట్రాలా వెళ్ళలేదు. దాని ముక్కు పట్టాల నడుమ నేలకు కొట్టుకుంది. టేబులూ, కూజా, సమోసాలూ ఒక్కటొక్కటిగా జారి వచ్చి మా ఒళ్ళో పడ్డాయి. గణపతిరావు అధ్యక్షుల వారి ఒళ్ళో పడ్డాడు. గేట్‌మన్ ఎర్రజెండా పట్టుకుని, దిగమని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"సాహబ్ మన్, ఉతరవ్! ఉతరవ్! ఇంజన్ ఆవత్ హే!"

నిజంగానే షంటింగ్ ఇంజన్ ఒకటి కూత పెట్టుకుంటూ వస్తోంది. సమావేశం నడుస్తుండగా సభ్యులు లేచి వెళ్ళకూడదు. "సమావేశం వాయిదా!" అని అరిచారు దక్షిణామూర్తిగారు. "బలపరిచేవాళ్ళు ఎవరు సార్?" అన్నాడు గణపతిరావు, అలవాటు కొద్దీ. నేను బలపరిచాను. అప్పటికే కిందకు దూకి ఉన్నాను. మిగిలినవాళ్ళు దొర్లారు. ఇంజన్ ట్రాలాకి కాస్త దూరంలో ఆగింది.

గురునాథరావు పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాడు. ఒక్కొక్కరి చేతులూ కాళ్ళూ తడిమి చూశాడు. "ఎవులికీ ఏటీ అవ్వనేదు కదా బాబూ?" అన్నాడు. అవలేదని తేలాక పట్టా పక్కన కంకర మీద కూలబడి బావురుమన్నాడు. "లోడున్న రోజైతే ట్రాలా నన్ను తొక్కీసుండును" అన్నాడు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. సమోసాలు లేకుండా జరిగిన మొదటి సమావేశం అది. అందరి మోచేతులకూ టింక్చర్ పూసి ఉంది. బయట వరండాలో గున్నమ్మ, గురునాథరావు నిలబడి ఉన్నారు. ఆమె ముఖంలో మొదటిసారి ఊరట కనబడింది.

"ఇప్పుడు మార్సుతారు కదా బాబూ? మీ కళ్ళముందే ఊడిపోనాది కదా!"

అది ఇప్పుడు సాక్ష్యమని నేను వివరించాను. సాక్ష్యాన్ని దాని స్థానం నుంచి కదపరాదు.

"అలాగైతే బండి ఆపీసినట్టేనా?" అంది ఆశగా.

ఆ సందేహం మాకూ వచ్చింది. రమాకాంత్ తీర్చాడు. ఫిఫ్త్ వీల్ స్థానం ఘోడా వీపు. ఘోడా ఎంత దూరం వెళ్ళినా అది తన స్థానంలోనే ఉంటుంది. కాబట్టి బండి తిరగడానికి ఆటంకం లేదు.

"పోనీ, ఆ గొలుసైనా ఇచ్చీయండి" అంది గున్నమ్మ.

గొలుసు లేకపోవడం వల్లే ప్రమాదం జరిగిందా అన్నది విచారణలో తేలాల్సిన అంశం. అంచేత గొలుసు కూడా సాక్ష్యమే. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయించాం. గున్నమ్మ మొగుడి చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అయితే మేం చేతులు ముడుచుకు కూర్చున్నామని ఎవరూ అనుకోకూడదు. ఇలాంటి ఘోరం మళ్ళీ జరగకుండా ఉపసంఘం ఒక నిర్ణయం తీసుకుంది. కొటేషన్లు పిలవలేదు, అధ్యయన యాత్ర చేయలేదు, వాదనలు లేవు. దక్షిణామూర్తిగారు తన సర్వీసులో మొదటిసారి అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఇకమీదట ఆ బండి ఎక్కడం అధికారులకు పూర్తిగా నిషిద్ధం.

మర్నాడు పొద్దున్నే గురునాథరావు ట్రాలాని మళ్ళీ ఆ దవడలకే తగిలించి, నిండు లోడుతో చరోదా వైపు బయల్దేరాడు. కిటికీలోంచి చూశాం. బండి మీద అధికారులెవరూ లేరు, ప్రమాదానికి ఇక ఆస్కారం లేదు.