కందమ్మగారి కొత్త బండి

ఒక పెద్ద అడవిలో ప్రతి ఇంటికీ ఒక సామాను బండి ఉండేది. వెనక లోతైన తొట్టి, కింద రెండు చక్రాలు, ముందు మెడకు తగిలించుకుని లాగడానికి ఒక కాడి. అంతకుమించి దానికి ఏ హంగూ లేదు. దుంపలో, తేనె కుండలో, ఇప్పపువ్వో తొట్టిలో వేసుకుని వాగు దాటి సంతకు వెళ్లేవారు. బండి ఎలా ఉందని ఎవరూ అడిగేవారు కాదు. ఎంత పడుతుందనే అడిగేవారు.

ఆ బండ్లు చేసేది వడ్రంగిపిట్ట. ఒకరోజు దాని దగ్గరికి సింగారం అనే కొండముచ్చు వచ్చాడు. తోక దువ్వుకోవడం తప్ప అప్పటిదాకా వాడు ఏ పనీ చేసి ఎరగడు.

"నీ బండి ఇరవై ఏళ్లు నడుస్తుంది. అదే నీ తప్పు" అన్నాడు. "ఇరవై ఏళ్ల దాకా కొన్నవాడు మళ్లీ మన మొహం చూడడు."

వడ్రంగిపిట్ట చెక్క పొడవడం ఆపి ఆలోచించింది. తప్పు తనదేనని ఒప్పుకుంది.

వారం తిరక్కుండా షోరూము తెరిచారు. కొత్త బండికి ముందు బూరుగుదూది సీటు, పైన నెమలీకల పందిరి, పక్కన అభ్రకం అద్దం. వీటికి చోటు కావాలి కాబట్టి తొట్టిని కాస్త వెనక్కి నెట్టారు. అంతకుముందు బండి ధర ఒక పంట. ఇప్పుడు పంటన్నర.

మొదట చూడటానికి వచ్చినవాడు సర్పంచి, ఏనుగు గున్నయ్య.

"సీట్లో నేను కూర్చుంటే బండి లాగేదెవడ్రా?"

"కూర్చోవడానికి కాదు గున్నయ్యగారూ, మీకు సీటుందని నలుగురికీ తెలియడానికి" అన్నాడు సింగారం.

గున్నయ్యకు సీటు సంగతి ఆ తర్వాత చెవికెక్కలేదు. ఆ అడవిలో అప్పటిదాకా ఎవరి పేరు చివరా 'గారు' లేదు. చిన్నవాళ్లు 'అన్నా' అనేవారు, పెద్దవాళ్లు 'ఒరే' అనేవారు, రోజులు గడిచిపోయేవి.

"ఏదీ, ఇంకోసారి పిలు" అన్నాడు గున్నయ్య.

"బండి కొనండి, అడవి అంతా పిలుస్తుంది."

కొనేశాడు. ఆ సీట్లో అతను పట్టడు, తొట్టిలో అతని కాలు ఒక్కటి కూడా పట్టదు. అయినా ఆ సాయంత్రమే పంచాయతీ పెట్టి తీర్మానం చేయించాడు. కొత్త బండి ఉన్నవారిని అందరూ గారు అనాలి. తొట్టిలో సరుకు వేసినా, చక్రానికి బురద అంటినా గారు రద్దు. బరువులు మోసేవాళ్లను గారు అనే అలవాటు ఎక్కడా లేదు కదా అని కారణం కూడా చెప్పాడు.

ఆ తర్వాత చినుకు పడితే చాలు, గున్నయ్యగారు బండిని తొండంతో ఎత్తి నెత్తిన పెట్టుకుని నడిచేవాడు. చూసినవాళ్లు ఎవరూ నవ్వలేదు. అతను ఎంత పోసి కొన్నాడో వాళ్లకు తెలుసు. తాము ఎంత పోయబోతున్నారో కూడా తెలుసు.

మరుసటి ఏడు ఇంకో మోడల్ దిగింది. సీట్లు రెండు, అద్దాలు రెండు, చక్రాలకు గజ్జెలు. తొట్టి మరి కాస్త తగ్గింది, ధర రెండు పంటలకు పెరిగింది. ఆ రోజే పాత మోడల్ వాళ్ల గారు ఊడిపోయింది. పోయినేడు పంటన్నర పెట్టి కొన్న బండిని జింక వెనక్కి ఇవ్వబోతే, అరపంట కూడా రాదన్నాడు సింగారం.

"వాడనే లేదయ్యా! దూది మీద కప్పిన ఆకు కూడా తియ్యలేదు" అని జింక గోలపెట్టింది.

"షోరూము గడప దాటింది కదండీ."

గడప దాటకుండా బండి ఇంటికి ఎలా వస్తుందో జింక అడగాల్సింది. అడగలేదు. కొత్తది కొనుక్కుని వెళ్లింది.

ఆ అడవిలోనే కందమ్మ అనే అడవిపంది ఉండేది. మూతితో నేల పెళ్లగించి దుంపలు తీయడం ఆమె పని, వాటిని సంతలో జొన్నలకు మార్చి పిల్లలను సాకడం ఇంకో పని. ఆమె మొగుడు మట్టయ్యకు మాత్రం ఎవరైనా తనను పేరు పెట్టి పిలిస్తే ఈమధ్య ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటోంది. సింగారం పాత బండ్ల మార్పిడి మేళా పెట్టగానే, ఇంట్లో ఉన్న ఒక్క బండీ లాక్కుపోయి ఇచ్చి, కొత్త బండితో తిరిగొచ్చాడు. మేళాలో పోగైన పాత బండ్లన్నీ ఆ రాత్రే షోరూము పొయ్యిలోకి పోయాయి.

"రెండు పంటలు ఎక్కడివయ్యా మనకి?" అంది కందమ్మ.

"ఒకటి ఇచ్చేశా. రెండోది ఇంకా మొలకెత్తలేదంటే, ఫరవాలేదు, మొలిచాక ఇవ్వమన్నారు. చాలా మంచివాళ్లు."

"తొట్టి ఏదీ?"

"వెనక చూడు."

"చూశాను. అది తొట్టా, ఉప్పు గిన్నా?"

"మెల్లగా మాట్లాడు. ఇవాళ్టి నుంచి నువ్వు కందమ్మగారివి."

అబద్ధమెందుకు, ఆ పూట ఉడుత "కందమ్మగారూ, బాగున్నారా?" అని పలకరిస్తే ఆమెకూ ఒళ్లు పులకరించింది. బాగున్నానని చెప్పి, ఇంకాసేపు అక్కడక్కడే తిరిగింది.

ఆకాశం మబ్బు పట్టేసరికి ఆ పులకరింత పోయింది. ఆ తర్వాత కందమ్మ తవ్విన దుంపలు పెరట్లో గుట్టగా పడున్నాయి. వానలు దిగితే వాగు పొంగుతుంది, ఇక సంత ఉండదు. రాబోయే సంతకు దుంపలు చేరకపోతే అవి కుళ్లిపోతాయి, వానాకాలమంతా పిల్లలు పస్తులుండాలి.

సంత కూడా అప్పటికే చిక్కిపోయింది. అందరికీ బండ్లున్నాయి, ఎవరూ సరుకు వేయడం లేదు. తేనె చెట్టు మీదే ఉంది, ఇప్పపువ్వు చెట్టు కిందే ఉంది. గారులందరూ ఖాళీ బండ్లు లాక్కుని సంతకు వచ్చి, ఒకరి బండి ఒకరు మెచ్చుకుని, ఆకలితో ఇళ్లకు పోతున్నారు.

సంత రోజు పొద్దున్నే మట్టయ్య ఉపాయం చెప్పాడు. "చెరో బుట్టా నెత్తిన పెట్టుకుందాం. బండిని ఖాళీగా వెనక లాక్కుపోదాం. పరువూ ఉంటుంది, పనీ అవుతుంది."

కందమ్మ బుట్ట ఎత్తుకుంది, కాడి మెడకు తగిలించుకుంది. పది అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. గుట్ట అలాగే ఉంది. ఎక్కడో ఉరిమింది. ఆమె బుట్ట దించేసింది.

"నా పిల్లలు గారు తింటారా?" అని అరిచి, మూతి పెట్టి మొదటి సీటు పెళ్లగించింది.

"రెండు పంటలే! రెండు పంటలే!" అని మట్టయ్య గుండెలు బాదుకున్నాడు. రెండో సీటు లేచింది, పందిరి పోయింది, అద్దాలు పగిలాయి. అడవంతా దూది ఎగిరింది. బండి ఖాళీ అయ్యేసరికి ముందు నుంచి వెనక దాకా ఒకటే తొట్టి తేలింది. కందమ్మ గుట్టంతా అందులోకి ఎత్తి, కాడి తగిలించుకుని, వాగు బురదలో పడి సంతకు పోయింది.

ఆ రోజు సంతలో సరుకున్న బండి ఆమెదొక్కటే. వాగు అవతలి పొలాల నుంచి పిచ్చుకలు ముక్కున కరిచి తెచ్చిన జొన్నలన్నీ ఆమెకే వచ్చాయి. గున్నయ్యగారు నెత్తి మీద బండితో వరసలో నిలబడి దుంపలు అడిగాడు. పిల్లలకు ఈ వానాకాలం గడిచిపోతుందని తెలిసి కందమ్మకు కళ్లు చెమర్చాయి.

వరస చివర సింగారం ఉన్నాడు. సంత ఎండిపోయాక వాడికీ తిండి లేదు. కడుపు వీపుకు అంటుకుపోయింది, తోక దువ్వుకుని ఎన్నాళ్లయిందో.

"అక్కా, సరికొత్త మోడల్. ఆకు కూడా తియ్యలేదు. ఒక్క బుట్ట దుంపలకి ఇచ్చేస్తా, తీసుకో."

"రెండు పంటల బండి బుట్ట దుంపలకా?"

"ఆకలేస్తోందక్కా."

"నాకెందుకయ్యా నీ బండి" అంది కందమ్మ. తిట్టాలనే అనుకుంది కానీ వాడి మొహం చూసి జాలేసింది. ఊరికే రెండు దుంపలు చేతిలో పెట్టింది. వాడు నీడన కూర్చుని తిన్నాడు. మూతి తుడుచుకుని, అప్పుడు ఆమె బండి చూశాడు.

"సీట్లేవక్కా?"

"పీకేశా."

"పందిరి?"

"అదీ పీకేశా. ఇప్పుడు బోలెడు పడుతున్నాయి."

సింగారం తొట్టి మీద చెయ్యేసి నిమిరాడు. పాపం, పశ్చాత్తాపపడుతున్నాడనుకుని కందమ్మ ఇంకో దుంప కూడా ఇచ్చింది.

వానలు వెలిశాయి. షోరూముకు తోరణాలు కట్టారు. లోపల కొత్త మోడల్ నిలబడి ఉంది. సీట్లు లేవు, పందిరి లేదు, అద్దాలు లేవు. వెనక లోతైన తొట్టి, కింద రెండు చక్రాలు, ముందు కాడి. పైన 'కందమ్మ' అని బోర్డు. ధర మూడు పంటలు.

"ఏమీ లేనిదానికి మూడెందుకు?" అని జింక అడిగింది.

"ముందు అన్నీ పెట్టాలి, తర్వాత అన్నీ పీకాలి. రెండు కూలీలు కదండీ" అన్నాడు సింగారం. తోక నున్నగా దువ్వుకుని ఉన్నాడు. గున్నయ్య అప్పటికే వరసలో ముందున్నాడు.

కందమ్మ కూడా మొగుడితో వచ్చి బోర్డు కేసి చూసింది. సంత నుంచి బురద చక్రాలతో వచ్చిన రోజే పంచాయతీ ఆమె గారు తీసేసింది.

"నా పేరు పెట్టావు, సంతోషం" అంది. "మరి చివర గారు ఏదయ్యా?"

"అది పై మోడల్లో వస్తుందక్కా" అన్నాడు సింగారం.

నీతి: అమ్మేవాడు ఆకలితో వస్తే దుంప పెట్టండి, మీ బండి మాత్రం చూపించకండి.