లేదని రాసివ్వని జిల్లా

జవాను సరిహద్దులో మేలుకొని ఉన్నంతకాలం అతని బిడ్డకు ఈ జిల్లాలో ఏ లోటూ రానివ్వబోనని సంక్షేమ మంత్రి వెంకటప్పయ్యగారు 1974 వేసవిలో గవర్నర్‌పేట సభలో ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. మారుమోగక ఏం చేస్తాయి, ఆ శాఖ నాది. మంత్రిగారి వాక్యం ముగిసేచోట వేదిక పక్కన నిలబడి గళ్ల రుమాలుతో మెడ తుడుచుకోవడమే పార్టీలో నా బాధ్యత. అది చూసి ముందు వరుసలోని మావాళ్లు కొడతారు, వాళ్లను విని వెనకవాళ్లు కొడతారు. ప్రజాభిప్రాయం అలా పుడుతుంది.

ఈ ప్రకటనకు కారణం మైలవరం నుంచి వచ్చిన మార్త. ఆమె భర్త సొలొమోను సైన్యంలో హవల్దారు. పూనాలో పనిచేస్తున్నప్పుడు పుట్టుచెవుడున్న తమ కూతురు అమలను అక్కడి ప్రత్యేక బడిలో చేర్చారు. అక్కడి టీచరమ్మ తెలుగు మాటలు తల్లినడిగి రాసుకుని, పాప చేతిని తన గొంతుకు ఆనించుకుని, ఏడాది పాటుపడి నాలుగు నేర్పింది: అమ్మ, నాన్న, పాలు, నీళ్లు. ఐదేళ్లు నిండేలోగా నేర్పిందే నిలుస్తుందని కూడా చెప్పింది. అంతలో సొలొమోనును అస్సాం సరిహద్దుకు మార్చి, క్వార్టర్సు ఖాళీ చేయమన్నారు. సొంత జిల్లాలో అలాంటి బడి లేదని ప్రభుత్వం రాసిస్తే తల్లీబిడ్డా పూనాలోనే ఉండొచ్చు. ఆ కాగితానికి ఆగస్టు నెలాఖరు గడువు. పాపకు అప్పటికే నాలుగున్నర దాటింది.

సభకు ముందు మార్త మంత్రిగారికి దణ్ణం పెట్టింది.

"ఒక్క ముక్క రాసివ్వండి బాబూ, ఇక్కడ ఇట్టాంటి బడి లేదని."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "నా జిల్లాలో లేదని నా చేత్తో రాయమంటావా అమ్మా? లేకపోతే పెడతాను గాని, లేదని మాత్రం రాయను."

ఎంత ఆత్మాభిమానం! వారం తిరక్కుండా మహిళామండలి వెనకగదికి "జవాను బాలల ప్రత్యేక శిక్షణ కేంద్రం" అని బోర్డు పడింది. ఇక టీచరు కావాలి. సంక్షేమాధికారి బసవపున్నయ్యగారు రెండురోజులు తల పట్టుకుని ఆలోచించి, మిలటరీవాళ్ల పిల్లలు కదా అని డ్రిల్లు మాస్టారు జాన్‌బాబును డెప్యుటేషన్ మీద వేశారు. జాన్‌బాబు నిజంగా మంచివాడు, ఒళ్లు దాచుకునే రకం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈల ఊదేవాడు. అతని బుగ్గలు ఉబ్బడం చూసి పాప పడీపడీ నవ్వేది. పాప తప్ప వేరే విద్యార్థులు లేరు.

ఒక్క కేంద్రమే ఉంటే ప్రాంతీయ అసమానత అంటారని పక్క జిల్లా మంగళగిరిలో రెండోది, మైలవరంలో మూడోది మంజూరు చేశారు. కేంద్రాలు మూడైనా బోర్డు ఒకటే, మాస్టారు ఒకడే, పాప ఒకతే. ప్రారంభోత్సవానికి ముందురోజు బోర్డు ఊడదీసి, అందరం ఒకే జీపులో పడి వెళ్లేవాళ్లం. పాపకు జీపంటే మహా సరదా, జుట్టు గాలికి ఎగురుతుంటే కేరింతలు కొట్టేది. మంగళగిరిలో నేతవాళ్లు పాపకు జరీ అంచు పరికిణీ పెట్టారు, బ్యాండుమేళం పెట్టారు, మంత్రిగారు పాపను ఎత్తుకుని రిబ్బను కత్తిరించారు. మార్త మాత్రం దారిపొడుగునా వెనక సీట్లో పాప చేతిని గొంతుకు ఆనించుకుని అవే నాలుగు మాటలు చెబుతూ ఉండేది. మంగళగిరి నాటికి "నీళ్లు" పోయింది. మైలవరం నాటికి "నాన్న" కూడా పోయింది.

మైలవరం సభలోనే చరిత్ర జరిగింది. మా ప్రభుత్వంలో మూగనోళ్లు సైతం పలుకుతాయని మంత్రిగారు అన్నారు. నేను మెడ తుడుచుకున్నాను. ముందు వరుసకన్నా ముందే, వేదిక మీద కూర్చున్న పాప చప్పట్లు కొట్టింది. మంత్రిగారు ఉలిక్కిపడి ఇంకో వాక్యం వదిలారు. నేను అలవాటుకొద్దీ తుడుచుకున్నాను. పాప నా వంక చూసి నవ్వుతూ మళ్లీ కొట్టింది. రెండు సభలుగా నా రుమాలును కనిపెట్టి చూస్తోందన్నమాట, గడుగ్గాయి.

"వినపడుతోంది," అన్నారు మంత్రిగారు మైకులో.

జనం లేచి నిలబడ్డారు. పశువుల డాక్టరొకాయన వేదిక మీదే ఉండబట్టి అప్పటికప్పుడు ధ్రువపత్రం రాశాడు. మర్నాడు పేపర్లలో ఫొటో పడింది. నూటికి నూరుపాళ్లు ఫలితం సాధించినందున ఇక అవసరం లేదని వారంలో మూడు కేంద్రాలనూ మూసేశారు. జాన్‌బాబుకు శాలువా కప్పారు.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన మార్త పాపను తీసుకుని బసవపున్నయ్యగారి ఆఫీసుకు బయల్దేరింది. రుమాలు సంగతి చెప్పమని బతిమాలి నన్నూ వెంటబెట్టుకుంది. జాలేసి వెళ్లాను.

"కేంద్రాలు మూసేశారు గదండీ," అంది మార్త. "ఇప్పుడన్నా ఇక్కడ బడి లేదని రాసివ్వండి."

"అయ్యో, తప్పకుండా రాస్తానమ్మా. కాకపోతే అది చెవిటి పిల్లలకిచ్చే కాగితం. మీ పాపకు వినపడుతోందని రికార్డయిపోయింది."

మార్త నా వంక చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. వచ్చేనెలలో మునిసిపల్ టిక్కెట్లు ఖరారవుతాయి. ఉక్కగా ఉందండీ అన్నాను.

మార్త ఇక నన్ను అడగలేదు. పాపను కిటికీవైపు తిప్పి నిలబెట్టి, వెనకనుంచి ఒక్కసారి పిలిచి చూడమని ఆయన్ని వేడుకుంది. బసవపున్నయ్యగారు ధర్మాత్ములు, మూడుసార్లు పిలిచారు. మూడోసారికి పక్క సెక్షన్లో టైపు మిషన్లు ఆగిపోయాయి, బంట్రోతు సోడా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పాప కాలవలో పోయే పడవను చూస్తూ నిలబడింది.

బసవపున్నయ్యగారు కళ్లజోడు సర్దుకుని, ఫైలు తెరిచి నిదానంగా రాసి, పైకి చదివారు: "విచారణ జరిపితిని. బాలికకు వినికిడి సలక్షణముగా ఉన్నది. పెంకితనము మెండు. తల్లి క్రమశిక్షణ నేర్పవలెను."

కింద సాక్షి సంతకం ఒకటి కావాలని కలం నా చేతికిచ్చారు. మార్త నా వంకే చూస్తోంది. ఇంటిపేరుతో సహా రాసి సంతకం పెట్టాను.