ప్రో ఓనరుకి, హోమ్ ఇల్లాలికి

నా కంప్యూటర్‌లోకి ఎవరో చొరబడ్డారు.

శుక్రవారం ఉదయం, పిడుగురాళ్లలో మా ఇంటి ముందుగదిలో, అంటే నా లారీ ఆఫీసులో, ఆదివారం లారీ ప్రోగ్రాం టైపు చేస్తున్నాను. తెర తనంతట తానే తాళం వేసుకుంది. పాస్‌వర్డ్ కొట్టి తెరిచాను. రెండు నిమిషాలకు మళ్లీ తాళం!

"ఏమే! కంప్యూటర్లో దొంగ పడ్డాడే!" అని అరిచాను.

లోపలి గదిలో లారీల బిల్లులు చేస్తున్న నా భార్య నాగలక్ష్మి తల కూడా తిప్పలేదు. "ఏం ఎత్తుకపోయాడయ్యా? నువ్వాడే పేకముక్కలా?"

ఆవిడకేం, నవ్వులాట. నా రహస్యమంతా అందులోనే ఉంది.

ఆదివారం రొంపిచెర్లలో మా బావమరిది గృహప్రవేశం. పేరు నాగేశ్వరరావు. ఊరు మాత్రం టైల్స్ నాగేశ్వరరావు అంటుంది. పోయినసారి వంటింటి టైల్స్ ఒక్కొక్కటీ నాచేత తడిమించాడు. ఆ భయంతోనే, హైదరాబాదుకు సున్నం లోడు ఉందని, ఆ రోజు డ్రైవరు లేక నేనే తోలాలని నాగలక్ష్మికి చెప్పాను. నిజానికి మిత్రులతో ఎత్తిపోతల జలపాతానికి ప్రయాణం. ఎవరేం తేవాలో జాబితా కూడా టైపు చేసి పెట్టాను. నా వంతు ఐసు పెట్టె.

అసలు నిఘా పెట్టాలనుకున్నది నేను! కిందటి నెల రెండు కంప్యూటర్లు కొన్నప్పుడు, ముందుగదిలో కూర్చుని లోపలి గది కంప్యూటర్ చూసే ఏర్పాటు కావాలని షాపు యాసిన్‌ని అడిగాను. నాగలక్ష్మి బిల్లులు చేస్తోందో, సీరియల్ చూస్తోందో కనిపెడదామని.

"దానికి విండోస్‌లో ప్రో కావాల బాబాయ్, ఖరీదు రకం. మామూలు హోమ్ చాలదు. రెంటికీ అక్కర్లా, ఒకదానికి ఏస్తే చాలు. ఏ కంప్యూటర్‌కి ఏద్దాం?"

"అడగాల్నా ఏంది? ఖరీదైంది ఓనరుకి. ఇంట్లో మడిసికి హోమ్."

అతను ఇంకేదో చెప్పబోయాడు. లారీలో ఓనరు సీటు ఏదో నాకు ఒకడు చెప్పాలా అని నోరు మూయించాను. ఆ ఏర్పాటు ఒక్కనాడూ పనిచెయ్యలేదు. ఎవరికి చెప్పుకోను?

ఇప్పుడు దొంగ పారిపోకుండా ముందు వైఫై పెట్టె వైరు పీకేశాను. దాంతో బిల్లులు ఆగిపోయాయి. బిల్లు లేక మా లారీ సున్నం బట్టీ గేటులోనే ఆగింది. దాని వెనక పదకొండు లారీలు. ఫోన్లో డ్రైవరు శ్రీను గొంతు కంటే హారన్లే ఎక్కువ వినపడుతున్నాయి.

"దొంగేమోగాని, నువ్వు చానా నష్టం చేస్తన్నావయ్యా," అంది నాగలక్ష్మి.

యాసిన్ వచ్చి వైరు పెట్టి, రెండు కంప్యూటర్లూ చూసి నవ్వాడు.

"దొంగ బయటోళ్లు కాదు బాబాయ్. ప్రోకి వేరే కంప్యూటర్ నుంచి వచ్చే తలుపుంటది. హోమ్‌కి ఉండదు. పిన్ని నీదాంట్లోకి రావచ్చు, నువ్వు పిన్నిదాంట్లోకి పోలేవు. ప్రో పిన్నిదానికి ఎయ్యాల్సింది. ఆ రోజు చెప్పనిచ్చావా?"

"మరి నా పాస్‌వర్డో?"

"లారీ నంబరేగా," గుమ్మంలోంచి నాగలక్ష్మి గొంతు. "ముందొకటి, ఎనకొకటి పెయింటు ఏయించావుగా."

ఇంతలో, వైరు పీకడంతో ఆగిపోయిన కాగితమొకటి నా పక్కన ప్రింటర్‌లోంచి బయటికొచ్చింది. నేను టైపు చేసిన ఆదివారం ప్రోగ్రామే. హైదరాబాదు ఉన్నచోట రొంపిచెర్ల. సున్నం ఉన్నచోట కుర్చీలు, వంట గిన్నెలు. డ్రైవరు: కోటిలింగం, అనగా నేనే. అడుగున ఒక్క ముక్క: ఐసు పెట్టె మజ్జిగకి.

ఆదివారం ఆఖరి కుర్చీ దించుతుంటే టైల్స్ నాగేశ్వరరావు ఎదురొచ్చాడు.

"హైదరాబాదు లోడన్నారు, ఏమైంది బావా?"

చుట్టాలందరూ నావైపు చూశారు. నాగలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నువ్వే చెప్పయ్యా," అంది.

"లోడూ లేదు, హైదరాబాదూ లేదు బావా. ఎత్తిపోతల పోదామని అబద్ధం రాసింది నేనే. మీ అక్క మీద నిఘా పెట్టబోయిందీ నేనే, ప్రో నాకే కావాలని నా కంప్యూటర్‌కి తలుపు పెట్టించుకుందీ నేనే. పద, ఏ గది టైల్స్ నుంచి మొదలుపెడదాం?"