రెండక్షరాలు కొడితే చాలు!

మనిషి ఏ మాటనైనా చివరిదాకా పూర్తి చేయడం శుద్ధ దండగ! ఊరికే అనడం లేదు. టేకులపల్లి దగ్గరి తండాలో సక్రి లాప్‌టాప్ చూశాకే అంటున్నాను.

సక్రికి ఓ కంపెనీ పరీక్ష పెట్టింది. శనివారం సాయంత్రం అయిదింటికల్లా చిన్న ప్రోగ్రామ్ రాసి పంపితే ఇంటర్వ్యూకి పిలుపు. పాతకాలపు మనిషైతే సోమవారమే కూర్చుని రాసి పారేసేది. సక్రి అంత అమాయకురాలా? రాసే శ్రమ తప్పించుకోవడానికి, కోడ్ రాసే ఎడిటర్‌లో ఆటో కంప్లీషన్ పెట్టుకోబోయింది. రెండక్షరాలు కొడితే మిగతా కోడ్ అదే పూర్తి చేస్తుంది!

సోమవారం దానికి కావలసిన ప్లగిన్ దింపింది. నాకు తోడుగా ఇంకో సర్వర్ కావాలంది అది. మంగళవారం ఆ సర్వర్ వచ్చి, కోడ్ రాసే పైథాన్ భాష ఎక్కడా కనబడటం లేదంది. బుధవారం పైథాన్ దొరికింది, ప్లగిన్ అలిగింది. గురువారమంతా సెట్టింగుల ఫైలులో తప్పిపోయిన ఒక్క కామా కోసం మణుగూరులో బొగ్గు తవ్వినట్టు తవ్వింది. నాలుగు రోజులు ప్రోగ్రామ్ జోలికే పోనవసరం లేకపోయింది. ఇంతకంటే వరం ఉంటుందా?

శుక్రవారం, ముక్కోటినాడు భద్రాచలంలో ఉత్తర ద్వారం తెరుచుకున్నట్టు, అది తెరుచుకుంది. పీ, ఆర్ కొట్టగానే ‘ప్రింట్’ అని పడింది. అయిదు రోజుల తపస్సుకు మూడక్షరాల చాకిరీ తప్పింది! చూడవచ్చిన పక్కింటి పగిడయ్య దాని ముందు తుమ్మబోతే, ఆ తుమ్ము స్క్రీన్ మీద ముందే పడిందట. ఆయన ఉత్త ముక్కు తుడుచుకుని ఇంటికెళ్లాడట. నేను నమ్ముతున్నాను.

ఆ విద్య సక్రికి దానికంటే ఒకరోజు ముందే వంటబట్టింది. గురువారం నుంచి నాయనమ్మ ద్వాలి గడపలో నిలబడి “సక్రీ, శనివారం లైన్‌మన్...” అనడం ఆలస్యం, తల ఎత్తకుండానే “తిన్ననే నాయనమ్మా” అనేది. ఎంత సమయం ఆదా!

శనివారం పొద్దున తొమ్మిదింటికి కరెంటు పోయింది. వానలకు ముందు లైన్‌మన్ తీగల మీది అడవి కొమ్మలు కొట్టే రోజది. సాయంత్రం ఆరుదాకా మండలమంతా బంద్. లాప్‌టాప్ బ్యాటరీకి ఉన్నది నలభై నిమిషాల ఆయుష్షు. ప్రోగ్రామ్‌లో ఉన్నది ఒక్క ‘ప్రింట్’.

“ముందే చెప్పొచ్చు కదనే నాయనమ్మా,” అంది సక్రి.

“చెప్పనిస్తివా? మూడు దినాల సంది తిన్ననని నువ్వే చెప్పవడ్తివి. నేను అడగనే లేదు.”

సక్రి ఏం చేసిందో తెలుసా? బ్యాటరీ తింటోందని మన వరాన్నే ఆపేసింది! అక్షరం అక్షరం తానే కొట్టి, ముప్పై తొమ్మిదో నిమిషంలో ఫోన్ నెట్ మీద పంపేసింది.

బుధవారం మెయిల్ వచ్చింది. సక్రి వాకిట్లోకి పరుగెత్తింది. ద్వాలి మిరపకాయల తొడిమలు తీస్తోంది.

“నాయనమ్మా, కంపెనీవాళ్లు నన్ను...”

ద్వాలి తల ఎత్తలేదు.

“తిన్ననే,” అంది.