నలభై మూడు కలుపు మొక్కలు

ట్యాగులాయన భార్యకు ఒళ్ళు మండడానికి ఆ ఉదయం ఒక్క మాట చాలింది. కొత్తగా కొన్న ఇంటి పెరట్లో నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన, "ఇదంతా కలుపేనే పిచ్చిదానా!" అన్నాడు.

అసలు పేరు ఏదైనా ఆయన అందరికీ ట్యాగులాయనే. ఆఫీసు రికార్డు గదిలో గుమాస్తా. కంటబడిన ప్రతిదానికీ ఒక దారం, దారానికొక అట్టముక్క, అట్టమీదొక నంబరు కట్టకపోతే ఆయనకు అన్నం సయించదు. ఇంట్లో ఉప్పు డబ్బా ఏడు, చీపురు పద్దెనిమిది. భార్యకు కట్టలేదంటే అది ప్రేమ కాదు, భయం.

ఆవిడ మిషను మీద బట్టలు కుడుతుంది. పన్నెండేళ్ళు అద్దె మేడగదిలో ఉంది. కిటికీలో మూడు డబ్బాల్లో మొక్కలు పెంచుకుంటే, గోడ చెమ్మగిల్లుతోందని ఇంటివాళ్ళు మూడూ తీయించారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఇప్పుడు కాళ్ళకింద సొంత నేల దొరికింది. పాతవాళ్ళు నాటినవీ, గాలికి వచ్చి పడినవీ కలిసి మోకాలెత్తున పెరిగి ఉన్నాయి. నెల రోజులుగా ఆవిడ పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్కదాన్నీ పలకరించి వస్తోంది.

"కలుపైతే ఏంటట?" అంది.

"పీకించి సిమెంటు పోయిద్దాం. కారు పెట్టుకోవచ్చు."

"ఏ కారు?"

"కొనబోయే కారు."

"తోలేదెవరు?"

"నేర్చుకోబోయే నేను!"

"పుట్టని కారుకి పక్కేయడానికి బతికున్నవాటిని పీకుతారా? అసలు కలుపని మీకెవరు చెప్పారు?"

"చూస్తే తెలీదూ?"

"పెళ్ళిచూపుల్లో మిమ్మల్ని చూసినా మావాళ్ళకి ఏమీ తెలీలేదు. పీకి పారేశారా?"

అది పొగడ్తో తెగడ్తో తేల్చుకోవడానికి ఆయనకు కాస్త వ్యవధి పట్టింది.

చివరికి ఒప్పందం కుదిరింది. ప్రతి మొక్కనూ గుర్తుపట్టి, అది కలుపేనని ఆయన రుజువు చేస్తే సిమెంటు. చేయలేకపోతే పెరడు ఆవిడది.

మర్నాడే ఆయన ఆఫీసు నుంచి దారాలూ అట్టముక్కలూ మోసుకొచ్చాడు. లెక్కపెడితే నలభై మూడు రకాలు తేలాయి. మొదట ఫోనుతో ఫొటోలు తీసి పేర్లు అడిగాడు. ఒకే మొక్కను ఎడమనుంచి తీస్తే ఒక పేరు, కుడినుంచి తీస్తే ఇంకో పేరు చెప్పింది. పొరపాటున ఆయన పాదం ఫొటోలో పడితే చేమదుంప అంది.

"ఫోను కూడా మనిషిని బాగానే పోల్చుకుంటుందే" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

దాంతో ఆయన ఫోను జేబులో పెట్టి సొంత బుర్ర బయటికి తీశాడు. పిల్లిపీచు, గాడిదమీసం, బోడిగుండాకు... నోటికొచ్చిందల్లా పేరైంది. ప్రతి పేరు కిందా లక్షణాలు, ఆ కింద ఎర్రసిరాతో "కలుపు". అన్నిటిలోకీ ఆయన నిజంగా గుర్తుపట్టింది ఇరవై ఎనిమిదో నంబరు దురదగొండినే. అదీ మోచేతులదాకా గోక్కున్నాక.

పంతొమ్మిదో అట్ట చదివి ఆవిడ ఆగిపోయింది. "గయ్యాళిముళ్ళు. పొద్దున్నే గుచ్చును, సాయంత్రం మరీ గుచ్చును. ఏమండీ, ఇది ఎవర్ని చూసి రాశారు?"

"మొక్కని చూసే" అన్నాడాయన, రెండడుగులు వెనక్కి వేసి.

శనివారం ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. మర్నాడు తన ఆఫీసు హెడ్ గుమాస్తా వస్తాడు, అట్టల మీదివన్నీ ఎక్కించిన రిజిస్టరు తనిఖీ చేసి సంతకం పెడతాడు. ఆయన సంతకం పడితే పగలు రాత్రవుతుంది. అదే పూటకు తాపీ మేస్త్రీని కూడా పిలిచాడు.

ట్యాగులాయన ఆఫీసుకు వెళ్ళగానే ఆవిడ విసవిసా పెరట్లోకి నడిచింది. అట్టలన్నీ చింపి పొయ్యిలో పెట్టాలన్నంత కోపం. మొదటి అట్టమీద చెయ్యి వేసి ఆగింది. చింపితే, "చూశారా సార్, రికార్డు తగలబెట్టింది" అని హెడ్ గుమాస్తాతో అంటాడు. పళ్ళు బిగించి దారం విప్పింది. ఒకటో అట్టను రెండో మొక్కకు కట్టింది, రెండోదాన్ని మూడోదానికి. అలా నలభై మూడూ ఒక్కో అడుగు జరిగాయి. రోజూ కాజాలు కుట్టే వేళ్ళు. ముడి చూసి ఎవరూ కనిపెట్టలేరు.

ఆదివారం హెడ్ గుమాస్తా కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. మేస్త్రీ ఓ మూల సిమెంటు కలపడం మొదలుపెట్టాడు. ట్యాగులాయన రిజిస్టరు విప్పాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో కాగితం చూడటమే తప్ప, కాగితంలో రాసినదాన్ని చూసే అలవాటు ఆయనకు లేదు.

"మూడో నంబరు గాడిదమీసం సార్. ఆకు సన్నం."

"చేటంత ఉందయ్యా!"

"ఆదివారం కదా సార్, తీరిగ్గా విచ్చుకుంది."

"ఈ ఎనిమిదోది నేలమీద పాకునన్నావు. నా భుజందాకా ఉందే?"

"పాకి పాకి లేచి నిలబడింది సార్. పిల్లలు నిలబడరూ?"

మేస్త్రీ తాపీ ఆపి వినడం మొదలుపెట్టాడు. ఆవిడ గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. నోరు తెరిస్తే నిప్పులు రాలతాయని పెదాలు బిగించుకుంది.

"ఇరవై ఏడు, పట్టాకు" చదివాడాయన. "మెత్తన. చెంపకు రాసుకుంటే హాయి. చూడండి సార్!" రిజిస్టరు మీంచి కళ్ళు ఎత్తకుండానే చెయ్యి చాచి ఆకులు తుంచి ఇచ్చాడు. హెడ్ గుమాస్తా రెండు చెంపలకీ రాసుకున్నాడు.

క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఆయన ముఖం బూరెలా పొంగింది. "చచ్చాన్రోయ్!" అని గెంతి సిమెంటులో కాలేశాడు. నీళ్ళకోసం పరిగెత్తిన ట్యాగులాయన చెయ్యి గోక్కుంటూ బిందె తన్నేశాడు. ఆవిడే చెంబుతో నీళ్ళు తెచ్చి పెద్దాయన ముఖం కడిగించింది.

అప్పుడు ట్యాగులాయన మొదటిసారి మొక్కవైపు చూశాడు. "సార్! ఇది దురదగొండి! అట్టలు ఎవరో మార్చేశారు!"

"నేనే మార్చాను" అంది ఆవిడ. "ఇరవై ఏడు మొక్కలు చూపించారు. ఒక్కటైనా మారిందని ఇప్పటిదాకా కనిపెట్టారా? గుర్తుపట్టిన మనిషికి గుర్తు తెలీదా? మీరు పేరు పెట్టింది మొక్కలకి కాదు, అట్టలకి!"

ఆయన సమాధానం కోసం రిజిస్టరులో వెతికాడు.

హెడ్ గుమాస్తా ఉబ్బిన చెంపల మధ్యనుంచి, "కలం ఇటివ్వు" అన్నాడు. "గుర్తింపు రద్దు. అన్నీ పూసి కాసేదాకా వ్యవహారం పెండింగు" అని రాసి, బరబరా సంతకం గీకి వెళ్ళిపోయాడు. ఆ ఆఫీసులో ఒకసారి పెండింగు పడ్డ కాగితం మళ్ళీ కదిలిన చరిత్ర లేదు.

"కలిపిన సిమెంటు గట్టిపడిపోద్దమ్మా" అన్నాడు మేస్త్రీ.

"పెరడు చుట్టూ జానెడు గట్టు కట్టు. తట్టలు ఈయన మోస్తారు."

ఆయన మోశాడు. నాలుగో తట్టకు ఆయాసం తీర్చుకుంటూ గోడవారనున్న ఒక మొలకను చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమే, ఇంతకీ ఇదేం మొక్క?"

"తెలీదు."

"నీకూ తెలీదూ!"

"తెలీదు కాబట్టే పీకలేదు" అంది ఆవిడ. "తట్ట ఎత్తండి."