బ్రదర్ జోయెల్ గారి ఫ్లెక్సీలు

ఆ సోమవారం ఉదయం జోయెల్ పెట్టుకున్న పని చిన్నదే. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలచేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించాలి, తరవాత ఇడ్లీ తినాలి. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఈ ఇరవై రెండేళ్ల మిషనరీ రెండు నెలలుగా దిండి ఊరి దగ్గర ఒక ప్రార్థన మందిరంలో, పదో తరగతి ఇంగ్లీషు తప్పిన ఏడుగురికి పాఠం చెబుతున్నాడు. సప్లిమెంటరీ పరీక్షకు ఇంక తొమ్మిది రోజులుంది. వాళ్లలో చిన్ని ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే రొయ్యల షెడ్డులో పనికి పంపేస్తానని తల్లి చెప్పేసింది.

ఆ రోజు జోయెల్ పుట్టినరోజని సంఘపెద్ద యాకోబుకు ముందే తెలిసింది. మా వైపు పుట్టినరోజని తెలిశాక కూడా ఫ్లెక్సీ కట్టకపోవడం పగవాళ్లు చేసే పని. తెల్లారేసరికి జోయెల్ రోడ్డు పక్కన ఫ్లెక్సీలో నవ్వుతూ నిలబడ్డాడు. విదేశీయుడు మనలాగే ఉంటే బాగోదని షాపువాడు మొహం తెల్లగా దిద్దాడు. చుట్టూ పెద్దల ఫొటోలు పదకొండు.

సంఘ కార్యదర్శి తాతాజీ ఆ పదకొండూ రెండుసార్లు చూసుకుని, పాఠం మధ్యలోకి వచ్చి, అక్కడే ఉన్న యాకోబు ఎదుట నిలబడ్డాడు.

"ఏవండీ యాకోబుగారూ, నేనేవన్నా పోయేనాండీ?"

"అబ్బెబ్బే, అవేం మాటలండీ!"

"మరి నా ఫొటో ఏదండీ? మీ బావమరిదిది ఉంది. ఆయన మందిరం గుమ్మం తొక్కి ఎన్నాళ్లయ్యిందండీ?"

"జాగా సరిపోలేదండి."

"ఆయ్. జాగా ఎలా సరిపోద్దో నేను చూపిస్తానుండండి."

మర్నాడు తాతాజీ కట్టిన ఫ్లెక్సీ రెండింతలు ఉంది. అందులో జోయెల్ "అంతర్జాతీయ ప్రసంగీకులు". ఒంటి మీద ఎవరిదో కోటు. బుధవారం యాకోబు దాన్నీ మించాడు. "దైవజనులు బ్రదర్ జోయెల్ గారి మహా స్వస్థత కూటములు" అని వేయించాడు. ఎప్పుడో, ఎక్కడో రాయలేదు. అలాంటివి లేవు గనక.

"నేను పాఠం చెప్పడానికే వచ్చాను, వాటిని తీసేయండి" అని జోయెల్ బతిమాలాడు. చిన్ని ఆ మాట తెలుగులో చెప్పింది. ఇంగ్లీషు అర్థమైనా, ఆ భాషలో ఆ పిల్ల ఎన్నడూ నోరు విప్పేది కాదు.

"ఎంత తగ్గింపు మనసో చూడండి!" అని యాకోబు కళ్లు తుడుచుకున్నాడు.

గురువారం రొయ్యల రైతు సత్తిరాజు బకెట్టుతో చెరువు నీళ్లు తెచ్చాడు. ఆయన దేవుడు వేరు. కానీ చెరువు మునిగేటప్పుడు ఆ తేడా ఎవరు చూస్తారు?

"బాబుగారూ, రొయ్య పైకి తేలిపోతందండి. ఓసారి బకెట్లో చెయ్యెట్టండి, మీకు పుణ్యవుంటాది."

జోయెల్ తండ్రిదీ రొయ్యల చెరువే. నీటిలో గాలి చాలడం లేదనీ, తెల్లవారుజామున నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆపొద్దనీ అతను చెప్పాడు. సత్తిరాజు ఆపలేదు. రొయ్య నిలబడింది. శుక్రవారానికి ఊళ్లో ఏరియేటర్ల సంగతి పోయి, పెట్టని చెయ్యి సంగతి మిగిలింది.

శనివారం పన్నెండు ఆటోలు దిగాయి. మోకాళ్ల నొప్పులు వచ్చాయి, పక్షవాతం వచ్చింది, పాలివ్వని గేదె ఒకటి తాడుతో సహా వచ్చింది. పిల్లలు కొబ్బరిచెట్ల కిందికి జరిగారు. పాఠం ఇరవై నిమిషాలు సాగింది. ఒక తల్లి నడవలేని కొడుకును మోసుకొచ్చి జోయెల్ ఒళ్లో పడుకోబెట్టింది. ఏం చెయ్యాలో తెలియక అతను ఏడ్చేశాడు. ఆత్మ దిగిందన్నారు. దేవుడు ఆ తల్లికి ఏం జవాబు చెప్పాడో గానీ, చుట్టూ ఉన్న మనుషులు మాత్రం సెల్‌ఫోన్లు పైకెత్తారు.

ఆ వీడియో చూసి ఆదివారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"ఈ ఫ్లెక్సీలు ఎవరియ్యా?"

"తాతాజీగారియ్యండి."

"యాకోబుగారియ్యండి."

వారం రోజుల్లో మొదటిసారి ఇద్దరూ ఎదుటివాడి పేరు ముందు పెట్టారు.

ఇన్‌స్పెక్టర్ మంచివాడే. పాస్‌పోర్టు తిరగేశాడు. ఊళ్లు చూసి వెళ్లే వీసా అది, దాని మీద ఏ పనీ చెయ్యకూడదు. అది చాలని పంపినవాళ్లు చెప్పారు, జోయెల్ నమ్మాడు. "చూడు బాబూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఇంగ్లీషులో, "నువ్వు ఊరికే తిరిగి చూడ్డానికి వచ్చావు. ఇక్కడ నీకే పనీ లేదు. అంతే కదా? అదే రాసుకుని వెళ్లిపోతాను."

అబద్ధమాడలేక జోయెల్ తల దించుకున్నాడు.

తమ సారును పనీపాటా లేనివాడన్నారని చిన్నికి ఒళ్లు మండింది. ముందుకొచ్చింది. "మా సారు ఊరికే తిరగడానికి రాలేదండీ. రోజూ ఆరు నుంచి ఎనిమిది దాకా మాకు పాఠం చెబుతారు. ఒక్కరోజు కూడా మానలేదు. కావాలంటే హాజరు పుస్తకం చూడండి" అని మొత్తం ఇంగ్లీషులో, తడుముకోకుండా చెప్పి, పుస్తకం తెచ్చి చేతికిచ్చింది.

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది. ఆయన చిన్ని వంకా, జోయెల్ వంకా చూశాడు.

"ఎంత బాగా నేర్పేవయ్యా!" అని, పుస్తకం జీపులో పెట్టుకున్నాడు.

పరీక్షకు ముందురోజుకల్లా దేశం విడిచి వెళ్లాలని కాగితం వచ్చింది. సాగనంపే కారులో ముందు సీటు ఎవరిదన్నది తేలక యాకోబు, తాతాజీ ఇద్దరూ ఆగిపోయారు. చిన్ని గేటు దాకా వెళ్లింది.

"నావల్లే కదండీ సారూ?"

"నువ్వు నిజమే చెప్పావు" అన్నాడు జోయెల్, వచ్చీరాని తెలుగులో.

ఆ పిల్ల ఇంగ్లీషు పాసైంది. అప్పటినుంచి ఎవరేం అడిగినా "నాకు తెలీదండి" అంటోంది.