బర్గర్ వరుసలో లచ్చిరాం చెప్పులు

ఆకలికి క్రమశిక్షణ లేదు. దానికొక వరుసనూ నంబరునూ నియమావళినీ కల్పించి నాగరికతను నిలబెట్టిన ఘనత సూర్యాపేట బస్టాండు ఎదుట ఏడాది కింద వెలసిన ‘గరంబన్ను’ బర్గర్ల దుకాణానిది. అక్కడ కుర్చీలుండవు. కొనుక్కుని బయటికి పోవాలి. (కూర్చుంటే జనం కబుర్లలో పడతారనీ, కబుర్లకు బిల్లు వేయలేమనీ యాజమాన్యం బాధ.)

చివ్వెంల దగ్గరి తండా నుంచి లచ్చిరాం, కమలాబాయి దంపతులు యూరియా కోసం మూడు రోజులుగా సూర్యాపేటకు తిరుగుతున్నారు. మూడో రోజు కూడా బస్తా దొరకలేదు. ‘రేపు పొద్దున రండి’ అన్న మాట మాత్రం దొరికింది. తండాకు ఆఖరి బస్సు ఐదున్నరకు. ఏడాదిగా బస్సు కిటికీలోంచి గరంబన్ను బోర్డు మీది బర్గర్ బొమ్మను చూస్తున్న కమలాబాయి ఆ రోజు ఇక ఆగలేకపోయింది.

“ఏమయ్యా, యూరియా ఎట్లగూ దొరకలే. గా బొమ్మల రొట్టెన్న తినిపియ్యి. సచ్చేలోపు దాని రుచేందో సూస్త.”

నలభై ఏళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు. లచ్చిరాం ఆమెను వెంటబెట్టుకుని దుకాణం వైపు నడిచాడు.

దుకాణం ముందు పదిమంది నిలబడి ఉన్నారు. ఎండ మాడ్చేస్తోంది. లచ్చిరాం యూరియా లైన్లో నేర్చిన విద్య ప్రకారం చెప్పులు విడిచి తన వంతుకు గుర్తుగా వరుసలో పెట్టి, భార్యతో పక్క దుకాణం నీడలో కూర్చున్నాడు. వెనకున్న నాగరాణి టీచర్ వరుస కదిలినప్పుడల్లా ఆ చెప్పుల్ని కాలితో ముందుకు జరుపుతూ వచ్చింది. (ఈ జిల్లాలో అది కనీస మర్యాద.)

మేనేజర్ ప్రేమ్‌కుమార్ ఇది చూసి, ఫొటో తీసి పై ఆఫీసుకు పంపాడు. పది నిమిషాల్లో ఉత్తర్వు దిగింది. చెప్పులు తొందరపెట్టవు, సాస్ ఇంకొంచెం అడగవు, బన్ను చల్లారిందని గొడవ చేయవు. కావున వాటిని ఆదర్శ వినియోగదారులుగా గుర్తించడమైనది. లచ్చిరాం చెప్పులకు నలభై ఏడో నంబరు కేటాయించడమైనది. కాసేపట్లో వరుసంతా చెప్పులతో, హెల్మెట్లతో, ఒక టిఫిన్ డబ్బాతో నిండింది. వాటిని జరిపే బాధ్యత వాచ్‌మన్ సైదయ్యకు అప్పగించారు. (జీతం పెరగలేదు, హోదా పెరిగింది.)

ఐదూ ఇరవైకి నలభై ఏడును పిలిచారు. లచ్చిరాం పరుగున వెళ్తే గాజు తలుపు దగ్గర సైదయ్య ఆపాడు.

“ఉత్త కాళ్లతోటి లోపలికి రావద్దు తాతా. బోర్డు సూడు.”

“చెప్పులు తొడుక్కొని వస్త.”

“నువ్వు తొడుక్కుంటె లైన్ల ఎవరుంటరు? నంబరు నీది గాదు, చెప్పులది.”

లచ్చిరాం తలుపు సందులోంచి లోపలున్న ప్రేమ్‌కుమార్‌ను బతిమాలాడు.

“సారూ, ఒక్కటే రొట్టె. మా ముసల్ది ఆశపడ్డది. బస్సు పోతది.”

“నాకు అర్థమైతుంది పెద్దాయనా. సిస్టమే తీస్కుంటలేదు.”

బస్సు హారన్ మోగింది. లచ్చిరాం చెప్పుల కోసం వంగాడు. కమలాబాయి గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

“తియ్యకు! తీస్తే వంతు పోతది. గీడనే ఉండనీ, రేపొచ్చి తింటం.”

రాత్రంతా యూరియా లైన్లో చెప్పులుంచిన అనుభవం ఆమెది. ఆ లెక్కన అది మంచి సలహానే. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఆ బొమ్మ కనుమరుగయ్యేదాకా చూసింది.

మర్నాడు పొద్దున ఎరువుల దుకాణం ముందు అందరి చెప్పులూ వరుసగా ఉన్నాయి, లచ్చిరాంవి తప్ప. జాబితా రాసే అధికారి తలెత్తి చూశాడు.

“నీ చెప్పులేవి?”

“బర్గర్ లైన్ల ఉన్నయి సారూ.”

అధికారి అర్థమైనట్టు తలాడించి, లచ్చిరాం పేరు ఎదురుగా శ్రద్ధగా రాసుకున్నాడు: ‘బర్గర్లు తినే రైతు. యూరియా అవసరం లేదు.’